రంగు మంటకి ఏ పొడి కొనాలి? ముందు మంట సంగతి తేల్చుకోండి

స్కూల్లో వైజ్ఞానిక ప్రదర్శన అని తేదీ చెప్పగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అగ్నిపర్వతం మోడల్ పోయినేడు చేసేశారు, నీటి శుద్ధి మోడల్ పక్కింటి అబ్బాయి చేస్తున్నాడు, కాబట్టి ఈసారి రంగురంగుల మంటలు. చూడ్డానికి బాగుంటుంది, వెనక సైన్సు ఉంది, టీచర్లు ఆగి చూస్తారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: ఏ పొడి కొనాలి, ఎక్కడ దొరుకుతుంది?

నా మాట వింటే పొడి గురించి తర్వాత అడగండి, ముందు మంట గురించి అడగండి. ఎంత ఖరీదైన పొడి తెచ్చినా దాన్ని కొవ్వొత్తి మీద పెడితే పసుపు తప్ప ఏమీ కనపడదు. మామూలు రాగి తీగ ముక్క అయినా సరే, శుభ్రమైన నీలిమంటలో పెడితే ఆకుపచ్చ వస్తుంది. డబ్బులు, శ్రద్ధ రెండూ మంట మీద పెట్టి పొడి మీద తగ్గించండి. ఈ సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఏ మంట

కొవ్వొత్తి, దీపం, కర్పూరం: మూడూ పనికిరావు. వాటిలో వెలుగంతా పూర్తిగా కాలని మసి రేణువులు వేడెక్కి ఇచ్చే పసుపు వెలుగు. దాని ముందు మన పొడి ఇచ్చే రంగు నిలబడదు. కర్పూరం మీద పొడి చల్లే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిలో ఏం కనిపిస్తుందో ఒకసారి సౌండ్ తీసేసి చూడండి, మసి, పొగ, ఎక్కడో అంచున కొంచెం పచ్చదనం.

వంటింటి గ్యాస్ పొయ్యి మంట మాత్రం సరైన రకం. ఉప్పు వేసిన పప్పు పొంగి బర్నర్ మీద పడ్డప్పుడు నీలిమంట ఒక్కసారి పసుప్పచ్చగా మారడం అందరూ చూసే ఉంటారు, అది అచ్చంగా మనం చేయబోయే ప్రయోగమే. అయినా వంటింట్లో వద్దంటాను. కారణం సులువు: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) లాంటి వాటి రవ్వలు బర్నర్ కన్నాల్లో పడతాయి, అదే పొయ్యి మీద మర్నాడు పాలు కాస్తారు. మామూలు ఉప్పు ఒక్కటీ చూపించాలంటే పర్వాలేదు. ఇంకేదైనా సరే, వంటింటి గుమ్మం దాటి రాకూడదు.

స్పిరిట్ దీపం స్కూలు ల్యాబుల్లో ఉండేదే. మంట లేతగా ఉంటుంది, వేడి ఓ మాదిరిగా ఉంటుంది. సోడియం, రాగి, బోరాన్, లిథియం రంగులు చూపించడానికి సరిపోతుంది, కాల్షియం, పొటాషియం దగ్గర నీరసపడుతుంది. దీని అసలు సమస్య వేరే ఉంది. పగలు ఎండలో ఆ మంట సరిగా కనపడదు, ఆరిపోయిందనుకుని ఎవరో ఒకరు సీసా ఎత్తి స్పిరిట్ పోస్తారు. దీపం పూర్తిగా చల్లారాకే, సీసా దూరంగా పెట్టుకుని నింపాలి. ఈ నియమం పాటించగల పెద్దవాళ్లు పక్కన లేకపోతే స్పిరిట్ దీపం జోలికి పోవద్దు.

ఇంటి దగ్గర చేయాలంటే నా ఓటు బ్యూటేన్ డబ్బాతో పనిచేసే చిన్న క్యాంపింగ్ స్టవ్‌కి. మంట నిటారుగా, నీలంగా, నిలకడగా ఉంటుంది, నేల మీద కుదురుగా కూర్చుంటుంది. కేకుల మీద చక్కెర కాల్చే చేతి టార్చి ఇంకా వేడిగా ఉంటుంది కానీ ఆ మంట అడ్డంగా, దూకుడుగా వస్తుంది, పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదు. వీటన్నిటికంటే మేలైంది స్కూలు లేదా ఇంటర్ కాలేజీ ల్యాబులో ఉండే బున్సెన్ బర్నర్. లెక్చరర్‌ని మర్యాదగా అడిగితే ఒక గంట సేపు వాడుకోనివ్వడం పెద్ద విషయం కాదు. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో జ్వాలా పరీక్ష (మంట రంగుని బట్టి మూలకాన్ని గుర్తుపట్టే పరీక్ష) ఎలాగూ ఉంది, వాళ్ల దగ్గర తీగ, పొడులు, నీలిగాజు అన్నీ సిద్ధంగా ఉంటాయి.

పసుపు అనే తలనొప్పి

పొడుల్లోకి వెళ్లేముందు ఇది చెప్పాలి, లేకపోతే కింద రాసిందేదీ మీకు పనిచేయదు. సోడియం అనే మూలకం ఎక్కడ రవ్వంత ఉన్నా మంటని పసుపు చేసేస్తుంది. మన చెమటలో ఉంది, కుళాయి నీళ్లలో ఉంది, బోరు నీళ్లలో ఇంకా ఎక్కువ ఉంది, చేత్తో పట్టుకున్న పుల్లలో ఉంది. అది ఇచ్చే వెలుగు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, మన కంటికి బాగా ఆనే చోట ఉంటుంది, కాబట్టి పక్కనున్న మెత్తని రంగుల్ని మింగేస్తుంది.

అందుకని పొడిని కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు, ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతాయి. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి డబ్బాలోనే అమ్ముతారు, లేబుల్ చదివి తీసుకోండి. మినరల్ వాటర్ టిన్ను నీళ్లు దీనికి ప్రత్యామ్నాయం కావు, వాటిలో లవణాలు ఉంటాయి.

కిరాణా కొట్టు, పచారీ కొట్టు సరుకు

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, గుంటూరు పట్నంబజారులో పచారీ సరుకుల కొట్లకి కొదవ లేదు. మూలికలు, పూజా సామగ్రి అమ్మే పాత కొట్లలో అడిగితే పటిక, వెలిగారం (బోరాక్స్), మైలుతుత్తం మూడూ పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాగని కనిపించినవన్నీ కొనకండి, ఎందుకంటే సగం పొడులు ఒకే రంగు ఇస్తాయి.

ఉప్పు, వంటసోడా, చాకలి సోడా, సైంధవ లవణం: నాలుగూ సోడియమే, నాలుగూ పసుపే. నాలుగు గిన్నెల్లో పోసి నాలుగు పేర్లు రాసి పెడితే జడ్జిగా వచ్చిన కెమిస్ట్రీ మాస్టారు నవ్వుకుంటారు. ఎప్సమ్ సాల్ట్ అయితే మెగ్నీషియం, మంటకి రంగే ఇవ్వదు. కావాలంటే దాన్ని కూడా పెట్టండి, "అన్ని లోహాలూ రంగు ఇవ్వవు" అని చూపించడానికి. ఆ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది, కానీ ఎవరూ చేయరు.

సోడియం తక్కువ ఉన్న ఉప్పు పొటాషియం కోసం వాడమని సలహాలు కనిపిస్తాయి. మన దగ్గర దొరికే టాటా సాల్ట్ లైట్‌లో సోడియం మామూలు ఉప్పు కంటే 15 శాతం తక్కువ, అంతే. మిగతాదంతా సోడియమే కాబట్టి ఊదారంగు కనపడే అవకాశం లేదు, పసుపే వస్తుంది. పొటాషియం కావాలంటే ఎరువుల కొట్టులో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మెరుగు, అది చాలావరకు పొటాషియం క్లోరైడే. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇల్లయితే కొనక్కర్లేదు కూడా, బస్తా అడుగున మిగిలిన గుప్పెడు చాలు. ఎర్రగా ఉండే రకంలో ఇనుము కలిసి ఉంటుంది, తెల్లది దొరికితే తీసుకోండి. దానిలోనూ కాస్త సోడియం ఉంటుంది గనుక కోబాల్ట్ నీలిగాజు అడ్డం పెట్టుకుని చూడాలి. ఆ గాజు పసుపుని ఆపేసి ఊదాని మాత్రం వదులుతుంది. గాజు లేకపోతే పొటాషియం జాబితాలోంచి తీసేయండి.

పటికలోనూ పొటాషియం ఉంటుందంటారు. గెడ్డం గీసుకున్నాక రాసుకునే స్ఫటికం లాంటి పటికలో సాధారణంగా ఉంటుంది, నీళ్లు తేర్చడానికి అమ్మే ముద్ద పటికలో ఉండకపోవచ్చు. రంగు ఎలాగూ బలహీనం. వదిలేయండి.

ఆకుపచ్చ: ఇక్కడే అసలు ఎంపిక

అందరికీ కావలసింది ఆకుపచ్చే. దానికి నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ తేడా బాగా ఉంది.

మొదటిది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. నీలం స్ఫటికాలు, పురుగుమందుల కొట్లలో దొరుకుతుంది, రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకునేది ఇదే. మంచి ఆకుపచ్చ ఇస్తుంది, స్ఫటికం అందంగా ఉంటుంది, వేడి చేస్తే నీళ్లు వదిలేసి తెల్లబడటం అదనంగా చూపించవచ్చు. కానీ ఇది విషం. మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కళ్లలో పడితే గాయం చేస్తుంది, బాగా వేడెక్కితే గంధకపు ఘాటు వాయువులు వస్తాయి. ఇంకో ప్రమాదం దాని అందమే, చిన్న పిల్లలకి కలకండ ముక్కలా కనపడుతుంది. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే తేవద్దని సూటిగా చెబుతున్నాను.

రెండోది కాపర్ క్లోరైడ్, ల్యాబు సరుకు. రంగు ఇంకా అందంగా, నీలం కలిసిన ఆకుపచ్చ. క్లోరైడ్ ఉన్నప్పుడు మంటలో రాగి, క్లోరిన్ కలిసిన అణువులు ఏర్పడి నీలం వైపు వెలుగునిస్తాయి, సల్ఫేట్‌తో ఆ నీలం రాదు. టపాసుల్లో నీలం రంగు పుట్టేది కూడా ఇలాగే. విషగుణంలో మైలుతుత్తానికి తీసిపోదు, గాలిలో తేమ పీల్చి ముద్దవుతుంది. కాలేజీ ల్యాబులో ఉంటే వాడండి, ఇంటికి కొని తేవాల్సినంత తేడా లేదు.

మూడోది బోరాన్. ఇక్కడ వెలిగారమా, బోరిక్ పౌడరా అని అడుగుతారు. కంసాలులు బంగారం అతుక్కి వాడే వెలిగారం బోరాన్ లవణమే అయినా దానిలో సోడియం కూడా ఉంది, పసుపు వచ్చి పచ్చదనాన్ని తొక్కేస్తుంది. బోరిక్ పౌడర్‌లో సోడియం లేదు. మందుల షాపులో దొరుకుతుంది, క్యారమ్స్ బోర్డు మీద చల్లేది కూడా పూర్వం నుంచీ ఇదే, కాకపోతే ఇప్పుడు అమ్మే క్యారమ్స్ పౌడర్లన్నీ బోరిక్ కావు కాబట్టి డబ్బా మీద పేరు చూడండి. లేత ఆకుపచ్చ, కళ్లకి హాయిగా ఉంటుంది. ఇదీ నోట్లోకి వెళ్లకూడదు, కానీ మైలుతుత్తం అంత భయం అక్కర్లేదు.

నాలుగోది, ఎవరూ చెప్పనిది, రాగి తీగ. పాత కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా ఒలిచేసి, సాండ్‌పేపర్‌తో రుద్ది, పట్టకారుతో పట్టుకుని నీలిమంట అంచున పెట్టండి. అంచు వెంట ఆకుపచ్చ వస్తుంది. పొడి లేదు, పొట్లం లేదు, ఒలికిపోయేదీ లేదు. రంగు మైలుతుత్తం అంత గాఢంగా రాదు, నిజమే. తొడుగు మాత్రం ముక్క కూడా మిగలకూడదు. పీవీసీ కాలితే ఆకుపచ్చ ఇంకా బ్రహ్మాండంగా వస్తుంది, అందుకే కొందరు కావాలనే కాలుస్తారు, కానీ దాంతో వచ్చే పొగ విషం. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకి నేను ఈ తీగనే సూచిస్తాను, మైలుతుత్తాన్ని కాదు.

బేరియం కూడా ఆకుపచ్చే ఇస్తుంది, టపాసుల్లో పచ్చదనం చాలాకాలం దానిదే. నీళ్లలో కరిగే బేరియం లవణాలు గట్టి విషాలు. సుప్రీంకోర్టు 2018లో టపాసుల్లో బేరియం లవణాల వాడకాన్ని నిషేధించింది. కాలేజీ ల్యాబులో లెక్చరర్ చేతిలో తప్ప దీని ఊసు వద్దు.

ఎరుపు: ఇక్కడ ల్యాబు సరుకు తప్పదు

కిరాణా సరుకుతో అచ్చమైన ఎరుపు రాదు. దగ్గరగా వచ్చేది కాల్షియం క్లోరైడ్, ఇటుకరాయి రంగు కలిసిన నారింజ. అల్మారాల్లో తేమ పీల్చడానికి పెట్టే డబ్బాల్లో, కింద నీళ్లు చేరే రకం ఉంటాయి చూడండి, వాటిలో చాలావరకు ఇదే ఉంటుంది. సున్నం, సుద్దముక్క కూడా కాల్షియమే కానీ ఆ రూపంలో మంటలో తేలిగ్గా ఆవిరి కావు, రంగు చూపించవు. క్లోరైడ్ రూపంలో ఉన్న లవణాలు తొందరగా ఆవిరవుతాయి, అందుకే ల్యాబుల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి పరీక్షిస్తారు. ఇంట్లో ఆ ఆమ్లం అక్కర్లేదు, బాత్రూము కడిగే యాసిడ్ అసలే వద్దు, క్లోరైడ్ లవణమే తెచ్చుకుంటే సరిపోతుంది.

నిజమైన ఎరుపుకి స్ట్రాన్షియం క్లోరైడ్ లేదా లిథియం క్లోరైడ్. స్ట్రాన్షియం ముదురు ఎరుపు, ఎక్కువసేపు నిలుస్తుంది. లిథియం కాస్త గులాబీ వైపు మొగ్గే ఎరుపు, 671 నానోమీటర్ల దగ్గర, తక్కువ వేడిలోనే బాగా వస్తుంది కాబట్టి స్పిరిట్ దీపం మాత్రమే ఉంటే లిథియం తీసుకోండి, బర్నర్ ఉంటే స్ట్రాన్షియం. రెండూ కొనాల్సిన పనిలేదు. పాత ఫోను బ్యాటరీ కోసి లిథియం తీసే వీడియోలు చూసి ఎవరైనా అడిగితే చెంప పగలగొట్టినట్టు కాదని చెప్పండి, అవి పేలి అంటుకుంటాయి.

రసాయనాల డీలరు దగ్గరికి వెళ్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, ఎల్.ఆర్. గ్రేడా, ఎ.ఆర్. గ్రేడా అని అడుగుతాడు, ఇవి శుద్ధి స్థాయిలు. ఎ.ఆర్.కి శుద్ధి ఎక్కువ, ధర ఎక్కువ. మన పనికి ఎల్.ఆర్. చాలు. రెండు, సీసా కనీసం వంద గ్రాములో అంతకంటే ఎక్కువో ఉంటుంది, మీకు కావలసింది చెంచాడు. మిగతాది ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. నలుగురు కలిసి ఒక సీసా స్కూలు పేరు మీద తెప్పించి ల్యాబులోనే ఉంచేస్తే డబ్బూ మిగులుతుంది, ఇంట్లో విషపు సీసాల గోలా ఉండదు.

కొనేటప్పుడు క్లోరైడ్ అడగండి, నైట్రేట్ వద్దు. స్ట్రాన్షియం నైట్రేట్, బేరియం నైట్రేట్ లాంటివి మంటకి ఆక్సిజన్ అందించే రకం, అవి టపాసుల సరుకు. అలాగే మంటని ఎగదోసేవీ, తామే భగ్గున మండేవీ అయిన సురేకారం, గంధకం, అల్యూమినియం పొడి, మెగ్నీషియం పొడి, పొటాషియం పర్మాంగనేట్, బ్లీచింగ్ పౌడర్ ఏవీ ఈ బల్ల మీద ఉండకూడదు. ఏ రెండు పొడులూ కలపకూడదు. ఒక పుల్లకి ఒక లవణం, అంతే.

స్పిరిట్‌లో కలిపి వెలిగించే పద్ధతి వద్దు

ఇది మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. గిన్నెల్లో పొడి వేసి మిథనాలో, శానిటైజరో పోసి వరసగా వెలిగిస్తే ఇంద్రధనస్సులా కనిపిస్తుంది, ఫొటోలకి ఇంతకంటే మంచిది లేదు. బోరిక్ పౌడర్ అయితే మిథనాల్‌తో కలిసి ఆవిరయ్యే పదార్థంగా మారి కళ్లు చెదిరే ఆకుపచ్చ ఇస్తుంది. అమెరికాలో క్లాసురూముల్లో ఇదే ప్రదర్శన చేస్తూ, మంట తగ్గిందని సీసాతో ఇంకాస్త పోయబోతే ఆవిర్లు అంటుకుని సీసాలోంచి మంట ఎగజిమ్మి పిల్లలు ఘోరంగా కాలిపోయారు. అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు 2014లో ఇలాంటి ప్రదర్శనల మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. అవి టీచర్లు దగ్గరుండి చేసినవి. పైగా మిథనాల్ ఆవిరి పీల్చినా, ఒంటికి తగిలినా విషమే. నాలుగు వందల మంది తిరిగే ప్రదర్శన హాల్లో, షామియానా కింద, ఫ్యాను గాలిలో దీన్ని చేయడానికి ఏ కారణమూ చాలదు.

దాని బదులు పుల్లల పద్ధతి. వెడల్పు ఐస్‌క్రీము పుల్లలు గానీ వెదురు పుల్లలు గానీ (అగరుబత్తి పుల్లలు కాదు, వాటికి పూత ఉంటుంది) ఒక్కో లవణం కరిగించిన డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టండి. తడిగానే తీసి మంట అంచున పెడితే పుల్ల కాలేలోపు కొన్ని సెకన్లపాటు రంగు శుభ్రంగా కనపడుతుంది. పుల్ల అంటుకోగానే పసుపు వచ్చేస్తుంది, అప్పుడు నీళ్ల బకెట్‌లో ముంచేయడమే. ల్యాబుల్లో లవణాన్ని మంటలో పెట్టడానికి వాడే నిక్రోమ్ తీగతో పోలిస్తే ఇందులో శుభ్రం చేసే గొడవ లేదు, ఆమ్లం అక్కర్లేదు, ఒక రంగు ఇంకోదానికి అంటదు. తీగ వాడితే రంగు స్పష్టత ఇంకా బాగుంటుంది కానీ ప్రతిసారీ కడగాలి, దానికి ల్యాబే సరైన చోటు. చేతులు మంటకి దూరంగా ఉండేలా పట్టకారు, కళ్లకి రక్షణ అద్దాలు, నూలు బట్టలు, జుట్టు ముడి, పక్కన బకెట్ నీళ్లు, తడి గోనెగుడ్డ. చున్నీలు, నైలాన్ యూనిఫాం టైలు తీసి పక్కన పెట్టండి.

రెడీమేడ్ పొట్లాలు, భోగి మంట

ఆన్‌లైన్లో రంగుమంటల పొట్లాలు వస్తున్నాయి, కట్టెల మంటలో కవరుతో సహా పడేస్తే నీలం, ఆకుపచ్చ నాలుకలు లేస్తాయి. వాటిలో ఎక్కువగా ఉండేవి రాగి లవణాలే. భోగికి వేద్దామా అని ఆలోచన వస్తుంది, సహజం. పెద్ద ఆరుబయట మంట, దూరంగా నిలబడి చూస్తే నష్టం తక్కువ. కానీ మన భోగి మంట చూడటానికి మాత్రమే కాదు కదా. దాని మీద నీళ్లు కాచి పిల్లలకి తలస్నానం పోస్తారు, చుట్టూ కూర్చుని చలి కాగుతారు, కొందరు ఆ బూడిద బొట్టు పెట్టుకుంటారు. రాగి లవణం కలిసిన పొగ, బూడిద ఈ మూడింటికీ పనికిరావు. కాబట్టి పొట్లం వేసే మంట వేరు, భోగి మంట వేరు అనుకుంటేనే కొనండి. తేగలు, చిలగడదుంపలు కాల్చుకునే మంటలో అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సైన్స్ కిట్లు అమ్మే వాళ్ల దగ్గర జ్వాలా పరీక్ష కిట్ తీసుకుంటే చూడాల్సింది పెట్టె మీద బొమ్మ కాదు, లోపల ప్రతి పొడికీ రసాయన నామం రాసి ఉందా లేదా అన్నది. "మ్యాజిక్ పౌడర్ గ్రీన్" అని మాత్రమే ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఏం కొంటున్నామో తెలియకపోతే, ఏదైనా జరిగితే డాక్టరుకి చెప్పడానికి కూడా మన దగ్గర మాట ఉండదు.

పొడి లేకుండా ఇంకో దారి

నన్ను అడిగితే మార్కులు తెచ్చేది ఇదే, పైగా అతి చవక. పాత డీవీడీ ముక్క, అట్టపెట్టె, సన్నని చీలిక: వెలుగుని రంగులుగా విడదీసి చూపించే స్పెక్ట్రోస్కోపు తయారు. సీడీ కంటే డీవీడీ మెరుగు, దాని గాడుల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, సీడీకి 1.6, కాబట్టి డీవీడీ రంగుల్ని ఎక్కువ విడదీస్తుంది. దీనితో ఎల్‌ఈడీ బల్బు, ట్యూబులైటు, ఉప్పు మంట ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే, ఎల్‌ఈడీలో రంగుల పట్టీ, ట్యూబులైటులో విడివిడి గీతలు, ఉప్పు మంటలో ఒకే పసుపు గీత. సూర్యుడి వైపు నేరుగా పెట్టి చూడకూడదు, అంతే జాగ్రత్త.

జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ 1860లో సీజియంని, 1861లో రుబీడియంని కనిపెట్టింది మంటలో గీతలు చూసే. గుంటూరు పిల్లలకి ఇంకో కథ సొంతంగా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ఊరి మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో వెలుగు గీతలు చూశాడు, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే తేల్చాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి పోగ్సన్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకయర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా చూశాక, ఆ గీతల్లో పసుపు గీత ఒకటి సోడియంది కాదని, అప్పటికి భూమి మీద ఎవరికీ తెలియని మూలకానిదని తేలింది. అదే హీలియం. భూమి మీద దాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకునేసరికి 1895 అయింది. మంటలో ఉప్పు గీత 589 దగ్గర, హీలియం గీత 587.6 దగ్గర. ఇంత చిన్న తేడా మీద ఒక మూలకం దొరికింది, అది కూడా మన ఊళ్లో మొదలైన పరిశీలనతో. చార్టు మీద ఈ కథ రాసి పక్కన డీవీడీ పెట్టె పెట్టిన పిల్లని జడ్జిలు ఎందుకు వదులుతారు?

ఎవరికి ఏది

ఆరు, ఏడు తరగతులకి: డీవీడీ స్పెక్ట్రోస్కోపు, అందులోకి ఉప్పు మంట ఒకటి, పెద్దవాళ్లు వెలిగించి చూపించాలి. ఎనిమిది నుంచి పది వరకు: క్యాంపింగ్ స్టవ్ లేదా ల్యాబు బర్నర్, రాగి తీగ, బోరిక్ పౌడర్, కాల్షియం క్లోరైడ్, ఉప్పు, రంగు ఇవ్వనిదిగా ఎప్సమ్ సాల్ట్. ఎరుపు తప్పనిసరిగా కావాలంటే స్ట్రాన్షియం క్లోరైడ్ స్కూలు ద్వారా. ఇంటర్ వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్ల ల్యాబులోనే అన్నీ ఉన్నాయి, కోబాల్ట్ గాజుతో పొటాషియం ఊదా చూపించగలిగితే అదే గొప్ప. ఊరికే సరదాకి, ఫొటోల కోసం కావలసిన పెద్దవాళ్లు పొట్లాలు కొనుక్కుని ఊరి బయట మంట వేసుకోండి, గాలి వాటం చూసుకుని నిలబడండి.

మిగిలిన మైలుతుత్తం ద్రావణం సింకులో పోయకండి, బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో అసలే పోయకండి, రాగి చేపలకి విషం. సీసా మీద పేరు, తేదీ రాసి కాలేజీ ల్యాబుకి ఇచ్చేయండి. కరిగించని స్ఫటికాలు మిగిలితే పొలం ఉన్న బంధువులకి ఇవ్వండి, బోర్డో మిశ్రమంలో పనికొస్తాయి.